కట్టెల స్టవ్ చుట్టూ చెక్క ఫ్లోర్ పాడవకుండా చూసుకోవడం ఎలా

చెక్క ఫ్లోర్ ఉన్న గదిలో కట్టెల స్టవ్ పెట్టాలనుకునేవాళ్లు ముందు టైల్స్ రంగు గురించే ఆలోచిస్తారు. రంగు సంగతి ఆఖరున చూసుకోవచ్చు. ముందు తేలాల్సింది ఒక్కటే: మీ స్టవ్ నుంచి నేల మీదకు వచ్చేవి నిప్పురవ్వలేనా, లేక అడుగు నుంచి వేడి కూడా దిగుతుందా? రవ్వలను పల్చటి ఇనుప రేకు కూడా ఆపుతుంది. వేడి విషయంలో మాత్రం అంగుళాల మందం రాయి పరిచినా చాలకపోవచ్చు. ఈ తేడా తెలియక చాలామంది అందమైన గ్రానైట్ పలక వేసి, పని అయిపోయిందనుకుంటారు. పలక కింద చెక్క మెల్లగా మాడుతున్న సంగతి ఏళ్ల తర్వాత గానీ బయటపడదు.

మాడటం అంటే మంట కనిపించనక్కర్లేదు. చెక్క సాధారణంగా 250 డిగ్రీల సెల్సియస్ దాటాకే అంటుకుంటుంది. కానీ 100 డిగ్రీల చుట్టుపక్కల వేడి రోజూ గంటల తరబడి, ఏళ్ల తరబడి తగులుతూ ఉంటే అందులోని తేమ పోయి, పదార్థం విడిపోయి, లోపల్లోపలే బొగ్గుగా మారుతుంది. అలా మారిన చెక్క మామూలు చెక్క కంటే తక్కువ వేడికే రాజుకుంటుంది. స్టవ్ అడుగున, పలక చాటున జరిగే పని కాబట్టి కంటికి కనపడదు, ముక్కుకి కూడా ఆలస్యంగానే తెలుస్తుంది.

మొదట స్టవ్ వెనక ఉన్న ప్లేటు చదవండి

పరీక్షలు పాసై వచ్చిన ప్రతి స్టవ్‌కీ వెనకో పక్కనో ఒక లోహపు ప్లేటు ఉంటుంది. దాని మీద, స్టవ్‌తో వచ్చిన పుస్తకంలో, నేల రక్షణ గురించి కచ్చితంగా రాసి ఉంటుంది. మీరు వెతకాల్సినవి రెండు. ఒకటి, రవ్వల నుంచి రక్షణ ఉంటే చాలా, వేడి నుంచి కూడా కావాలా అన్నది. రెండు, స్టవ్ కింద వేసే రక్షణ పీఠం ఏ వైపు ఎంత దూరం పరుచుకోవాలన్నది. ఈ పీఠాన్నే బజారులో హార్త్ ప్యాడ్ అంటారు. అమెరికాలో రెడీమేడ్‌గా అమ్మే ప్యాడ్‌లను యూఎల్ (భద్రతా పరీక్షల సంస్థ) 1618 ప్రమాణం రెండు రకాలుగా విడదీస్తుంది. టైప్ 1 రవ్వలను ఆపేది, టైప్ 2 రవ్వలనూ వేడినీ ఆపేది. టైప్ 2 కావాల్సిన స్టవ్ కింద టైప్ 1 వేస్తే ఏమీ వేయనట్టే లెక్క.

వేడి రక్షణ కావాలంటే పుస్తకంలో ఒక ఆర్ విలువ ఇస్తారు. ఆర్ అంటే ఆ పొర వేడిని ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే అంకె, ఎక్కువైతే మంచిది. కొన్ని కంపెనీలు దాని బదులు కె విలువ (పదార్థం వేడిని ఎంతగా పంపుతుందో చెప్పే అంకె), మందం ఇస్తాయి. అప్పుడు మందాన్ని కె తో భాగిస్తే ఆర్ వస్తుంది. ఉదాహరణకు "0.75 అంగుళం మందం, కె 0.84" అని ఉంటే 0.75 ÷ 0.84, అంటే దాదాపు ఆర్ 0.89. సి విలువ (ఉన్న మందంతో ఆ పొర వేడిని ఎంతగా పంపుతుందో చెప్పే అంకె) ఇచ్చి ఉంటే 1ని సి తో భాగించండి. పొరలు ఒకదాని మీద ఒకటి వేసినప్పుడు ఆర్ విలువలను కూడుకోవచ్చు. కె విలువలను మాత్రం కూడకూడదు.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు యూనిట్లు. అమెరికా పద్ధతి ఆర్ వేరు, మెట్రిక్ ఆర్ వేరు. మెట్రిక్ 1 అంటే అమెరికా లెక్కలో సుమారు 5.68. స్టవ్ పుస్తకం అమెరికా లెక్కలో 1.5 అడిగితే అది మెట్రిక్‌లో 0.26. బోర్డు మీద ఉన్న అంకె ఏ లెక్కలోదో చూడకుండా కూడితే మీ పీఠం ఐదారు రెట్లు తేడా కొడుతుంది.

ప్లేటు లేని పాత స్టవ్ అయితే అంచనాలతో పని చేయొద్దు. అమెరికాలో అనుసరించే ఎన్‌ఎఫ్‌పీఏ (అక్కడి అగ్నిప్రమాద రక్షణ సంఘం) 211 ప్రమాణం అలాంటి స్టవ్‌లకు కాళ్ల ఎత్తును బట్టి నియమం పెట్టింది. స్టవ్ అడుగుకీ నేలకీ మధ్య 6 అంగుళాలకు మించి ఖాళీ ఉంటే 2 అంగుళాల మందం ఇటుక సందులేకుండా పేర్చి, పైన 24 గేజ్ రేకు వేయాలి. 2 నుంచి 6 అంగుళాల ఖాళీ ఉంటే 4 అంగుళాల బోలు ఇటుకలను, గాలి ఆ చివర నుంచి ఈ చివరకు ఆడేలా రంధ్రాలు కలిపి పేర్చి, పైన అదే రేకు పరచాలి. ఖాళీ 2 అంగుళాల లోపే ఉంటే ఆ స్టవ్‌ను చెక్క ఫ్లోర్ మీద పెట్టనే కూడదు. అన్ని వైపులా 18 అంగుళాల రక్షణ, చుట్టూ 36 అంగుళాల లోపు కాలే వస్తువేదీ లేకపోవడం కూడా అందులో భాగమే.

పీఠం ఎంత ఉండాలి

కొలత తలుపు నుంచి మొదలవుతుంది. కట్టెలు వేసే తలుపు, బూడిద తీసే తలుపు ఏ వైపున ఉంటే ఆ వైపున ఎక్కువ జాగా కావాలి, ఎందుకంటే రవ్వలు రాలేది అక్కడే. పక్క తలుపు కూడా ఉన్న స్టవ్‌లకు ఈ పెద్ద కొలత పక్క వైపు కూడా వర్తిస్తుంది. ఈ సంగతి మరిచిపోయి ముందు వైపు మాత్రమే పెంచేస్తారు.

అంకెలు దేశాన్ని బట్టి మారతాయి. అమెరికాలో ఎక్కువ స్టవ్‌లు తలుపు ముందు 16 అంగుళాలు, పక్కల 8 అంగుళాలు అడుగుతాయి. కెనడాలో తలుపు ముందు 450 మిల్లీమీటర్లు, మిగతా వైపుల 200. ఇంగ్లండ్ నిబంధనల్లో తలుపు మూసి వాడే స్టవ్ ముందు 225 మిల్లీమీటర్లు, తలుపు తెరిచి కూడా వాడేదైతే 300, పక్కల 150. అక్కడ స్టవ్ అడుగు వేడి 100 డిగ్రీలు దాటదని తయారీదారు రాసిస్తే 12 మిల్లీమీటర్ల పలక చాలు. రాసివ్వకపోతే 125 మిల్లీమీటర్ల మందం రాతి పీఠం కట్టాలి. స్టవ్ పుస్తకం, స్థానిక నిబంధన వేర్వేరు అంకెలు చెబితే పెద్దదే తీసుకోండి.

పొగగొట్టం స్టవ్ వెనక నుంచి అడ్డంగా గోడ వైపు వెళ్తుంటే ఆ గొట్టం కింద కూడా పీఠం ఉండాలి, గొట్టానికి రెండు పక్కలా కనీసం 5 సెంటీమీటర్లు ఎక్కువగా. గొట్టం అతుకుల్లోంచి రాలే మసి ముక్కల్లో నిప్పు ఉండొచ్చు.

లెక్క కట్టాక నేల మీద మాస్కింగ్ టేప్‌తో ఆ చతురస్రం గీసి, స్టవ్ చోట ఒక అట్టపెట్టె పెట్టి, తలుపు పూర్తిగా తెరుచుకున్నట్టు ఊహించుకుంటూ కట్టె వేస్తున్నట్టు వంగి చూడండి. మోకాళ్లు ఎక్కడ ఆనతాయో, కట్టె చేతిలోంచి జారితే ఎక్కడ పడుతుందో అప్పుడు తెలుస్తుంది. మా సలహా, నిబంధన అడిగిన దానికి ముందువైపు మరో 15 సెంటీమీటర్లు కలపండి. నిబంధన కనీసం గురించి చెబుతుంది. దొర్లి వచ్చే కాలుతున్న మొద్దుకు ఆ లెక్క తెలియదు.

ఫ్లోర్ బరువు మోస్తుందా

చిన్న రేకు స్టవ్ 80 కిలోలు ఉంటే, పెద్ద పోత ఇనుము స్టవ్ 200 కిలోలు దాటుతుంది. ఇటుక పీఠం వేస్తే అది కూడా అంతే ఉంటుంది. ఇదంతా ఒకటిన్నర చదరపు మీటర్ల జాగాలో పడుతుంది. ఫ్లోర్ కింద దూలాలు ఏ దిశలో ఉన్నాయో చూసుకుని, పీఠం వీలైనన్ని దూలాల మీద ఆనేలా పెట్టండి. అంటే పొడవు వైపు దూలాలకు అడ్డంగా రావాలి. స్టవ్ పెట్టబోయే చోట బరువైన మనిషి మడమల మీద గట్టిగా ఆనినప్పుడు పక్కన అలమారలో గిన్నెలు గలగలమంటే ఫ్లోర్ వంగుతున్నట్టే. అలాంటి చోట పైన వేసిన టైల్ అతుకులు ఏడాదిలో పగులుతాయి. ముందు కింద నుంచి దూలాలకు బలం ఇప్పించండి.

ఒకదానికొకటి క్లిక్ చేసి పరిచే తేలే ఫ్లోర్ ఉంటే ఇంకో చిక్కు. ఆ ఫ్లోర్ మొత్తం ఒకే చాపలా వాతావరణంతో పాటు కుంచించుకుంటూ, వ్యాకోచిస్తూ కదలాలి. దాని మీద 300 కిలోలు మోపితే అక్కడ మేకు కొట్టినట్టు బిగుసుకుపోయి, మరో వైపు పలకలు పైకి లేస్తాయి, లేదా అతుకులు విడిపోతాయి. పైగా ఆ పలకల కింద పరిచే ఫోమ్ వేడికి కుంచించుకుపోతుంది. తేలే ఫ్లోర్ అయితే ఆ మేర కోసేసి, పీఠాన్ని అడుగున ఉన్న సబ్‌ఫ్లోర్ మీద నేరుగా కట్టండి. ఫ్లోర్‌కీ పీఠానికీ మధ్య 10 నుంచి 12 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, దాన్ని పైన లోహపు పట్టీతో కప్పండి. పట్టీని పీఠానికే బిగించాలి, ఫ్లోర్‌కి బిగిస్తే మళ్లీ అదే సమస్య.

కింది పలకలకు మేకులు కొట్టి గట్టిగా బిగించిన హార్డ్‌వుడ్ ఫ్లోర్ అయితే కోయనక్కర్లేదు. పైన విడి పీఠం పెట్టుకోవచ్చు. రేపు స్టవ్ తీసేసినా ఫ్లోర్ అలాగే ఉంటుంది. ఎక్కువ ఇళ్లకు ఇదే సరిపోతుంది కాబట్టి దాని తయారీనే వివరంగా చెబుతాం.

ఏ పొర ఎంత పని చేస్తుంది

అంకెలన్నీ అమెరికా ఆర్ లెక్కలో, సుమారుగా. 10 మిల్లీమీటర్ల సెరామిక్ టైల్ 0.03 దగ్గర ఉంటుంది, అంటే లేనట్టే. మామూలు ఇటుక అంగుళానికి 0.2. 12 మిల్లీమీటర్ల సిమెంటు బోర్డు 0.2 చుట్టూ, కంపెనీని బట్టి కాస్త ఎక్కువ. వేడి తట్టే మినరల్ ఫైబర్ బోర్డు 12 మిల్లీమీటర్లకే 1.0 దాకా ఇస్తుంది. కాల్షియం సిలికేట్ ఇన్సులేషన్ బోర్డు కూడా ఇదే తరహా, కానీ అందులో తేలికవి, గట్టివి రెండూ ఉంటాయి. గట్టివి వేడిని ఎక్కువగా పంపుతాయి. మీరు కొనే బోర్డు కాగితం మీద ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోండి. పైన చెప్పినవి ఏ పొర దేనికి పనికొస్తుందో అంచనా కోసమే.

ఇప్పుడు స్టవ్ ఆర్ 1.5 అడిగిందనుకోండి. 5 సెంటీమీటర్ల ఇటుక వేస్తే వచ్చేది 0.4. నాలుగో వంతు పైచిలుకు మాత్రమే, పైగా వంద కిలోల పైన అదనపు బరువు. ఒక మినరల్ ఫైబర్ బోర్డు, ఒక సిమెంటు బోర్డు, పైన టైల్ వేస్తే 1.23. ఇదీ చాలదు. రెండు ఫైబర్ బోర్డులు వేస్తే 2.2 దాటుతుంది. రెండు చేతులతో సులువుగా మోయగల బోర్డు ఇటుక వరుస చేయలేని పని చేస్తుంది.

లెక్కలోకి రానివి కూడా తెలుసుకోవాలి. పీఠం అడుగున వేసే ప్లైవుడ్‌ను, కింద ఉన్న ఫ్లోర్‌ను ఆర్‌లో కలపకూడదు. కాపాడాల్సింది వాటినే కదా. జిప్సమ్ బోర్డు వాడొద్దు. దాని మీద కాగితం ఉంటుంది, వేడికి జిప్సమ్ పొడిపొడిగా రాలిపోతుంది. రేకు ఒక్కటే పరిస్తే రవ్వలు ఆగుతాయి గానీ వేడి తిన్నగా దిగుతుంది. గట్టిపరిచిన గాజు పలక కూడా రవ్వల కోసమే. ఫ్లోర్ అందం కనబడాలనుకునే వాళ్లకు అది బాగుంటుంది. కానీ గాజు కింద చేరిన ఇసుక రేణువులు వార్నిష్‌ను గీరేస్తాయి కాబట్టి పరిచే ముందు వాక్యూమ్ చేసి, తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, అంచుల చుట్టూ వేడి తట్టే సీలింగ్ పట్టీ పెట్టాలి.

విడి పీఠం తయారీ

ఉదాహరణకు స్టవ్ 60 సెంటీమీటర్ల వెడల్పు, 50 లోతు. పక్కలకు 20 చొప్పున, వెనక 20, తలుపు ముందు 45. పీఠం 100 × 115 సెంటీమీటర్లు వస్తుంది, అంటే 1.15 చదరపు మీటర్లు. ఆర్ 1.5 కావాలనుకుందాం. కావాల్సినవి:

- 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 100 × 115, ఒకే ముక్క
- 12 మిల్లీమీటర్ల మినరల్ ఫైబర్ బోర్డు, అదే కొలతకు రెండు పొరలు
- 12 మిల్లీమీటర్ల సిమెంటు బోర్డు, ఒక పొర
- 50 మిల్లీమీటర్ల సిమెంటు బోర్డు స్క్రూలు, 50
- పాలిమర్ కలిపిన సిమెంటు ఆధారిత టైల్ అంటు, 10 కిలోల సంచి
- 8 నుంచి 10 మిల్లీమీటర్ల పోర్సిలెయిన్ టైల్స్, కోతలకు పదోవంతు కలిపి 1.3 చదరపు మీటర్లు
- సన్న ఇసుక కలిసిన గ్రౌట్ (టైల్ సందులు నింపే ముద్ద), 2 కిలోలు
- అల్కలీ తట్టే ఫైబర్‌గ్లాస్ మెష్ టేప్, లోహపు అంచు పట్టీలు

1. ప్లైవుడ్‌ను ఫ్లోర్ మీద పెట్టి మూలల మీద నొక్కండి. ఊగితే ఫ్లోర్ సమంగా లేదు. ఊగే మూల కింద పల్చటి ఫైబర్ సిమెంటు ముక్కలు సర్దండి. రబ్బరు మాత్రం వద్దు. రబ్బరు తగిలిన చోట వార్నిష్ పసుపు రంగుకు తిరుగుతుంది, ఆ మరక పోదు.

2. ఫైబర్ బోర్డు మొదటి పొర పరచండి. రెండో పొర అతుకులు మొదటి పొర అతుకుల మీద పడకుండా జరిపి వేయండి. సందు మీద సందు వస్తే వేడికి తిన్నని దారి దొరుకుతుంది. ఈ బోర్డును కత్తితోనే కోయొచ్చు, కానీ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్క్ వేసుకుని, వీలైతే బయట కోయండి.

3. పైన సిమెంటు బోర్డు. 100 సెంటీమీటర్ల వెడల్పుకు ఒక ముక్క చాలకపోతే రెండింటి మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదలండి. ఆ అతుకు స్టవ్ కాలి కింద రాకూడదు. ప్రతి 20 సెంటీమీటర్లకొక స్క్రూ, అంచు నుంచి కనీసం 2 సెంటీమీటర్లు లోపలకి. ఇక్కడ పొరల మందం 12 + 12 + 12, ఆపైన ప్లైవుడ్ 18, మొత్తం 54. 50 మిల్లీమీటర్ల స్క్రూ ప్లైవుడ్‌లోకి 14 దిగుతుంది. దుకాణంలో 57 మిల్లీమీటర్లవి దొరికాయని తెస్తే మొన అడుగు నుంచి 3 మిల్లీమీటర్లు బయటికొచ్చి, మీరు కాపాడాలనుకున్న ఫ్లోర్‌నే గీరుతుంది. బిగించేటప్పుడు తల బోర్డుతో సమానం కాగానే ఆపండి. ఇంకా తిప్పితే కింద ఉన్న మెత్తటి బోర్డు అణిగి, సిమెంటు బోర్డు అక్కడ గుంటపడుతుంది. ఆ గుంట మీదే టైల్ పగులుతుంది.

4. సందుల్లో టైల్ అంటు కూరి, మెష్ టేప్ వేసి, పైన పల్చగా మళ్లీ అంటు రాయండి. డబ్బాలో రెడీగా వచ్చే జిగురు రకం అంటు ఇక్కడ పనికిరాదు, వేడికి మెత్తబడి టైల్ ఊడుతుంది.

5. టైల్స్‌ను ముందు పొడిగా పేర్చి చూసుకోండి. స్టవ్ నాలుగు కాళ్లూ టైల్ మధ్యలో పడాలి, అతుకు మీద కాదు. 200 కిలోల స్టవ్ అంటే ఒక్కో కాలి కింద 50 కిలోలు, రూపాయి బిళ్లంత చోట. టైల్ కింద బోలు ఉంటే అక్కడే చిట్లుతుంది. అందుకే బోర్డు మీద పళ్ల కరణీతో అంటు పూసినా, టైల్ వెనక కూడా పల్చగా పూసి నొక్కండి. మొదటి టైల్ పెట్టాక ఒకసారి పైకెత్తి వెనక చూడండి. అంటు పట్టని బోసి మచ్చలు కనబడితే కరణీ పళ్లు చాలడం లేదని అర్థం.

6. 24 గంటలు ఆగి గ్రౌట్ వేయండి. సందులు అడుగు దాకా నిండాలి. సగం నిండిన సందులోకి చిన్న రవ్వ దూరి కూర్చుంటే దాన్ని చీపురు తీయలేదు.

7. గ్రౌట్ వేశాక మూడు రోజులు బరువు పెట్టొద్దు. మొదటి మంటకు వారం ఆగండి. ఆ తర్వాత కూడా రెండు మూడు చిన్న మంటలతో మొదలుపెట్టండి. లోపల మిగిలిన నీరు ఒక్కసారిగా ఆవిరైతే గ్రౌట్ వెంట్రుకవాసి పగుళ్లు వేస్తుంది.

మొత్తం పీఠం ఎత్తు ఆరున్నర సెంటీమీటర్లు దాటుతుంది. ఇప్పటికే ఉన్న స్టవ్ కింద వేస్తుంటే పొగగొట్టం అంత మేర కుదించాలి. గొట్టం సీలింగ్‌కు, స్టవ్ పైభాగం గోడ అలమారకు ఎంత దగ్గరకు వచ్చాయో మళ్లీ కొలవండి. అంచుకు అందం కోసం చెక్క చట్రం బిగించుకోవచ్చు. కానీ రక్షణ కొలత టైల్ అంచు దగ్గరే ఆగిపోతుంది, చట్రం దాని బయట ఉండాలి.

మొదటి పెద్ద మంట రోజు

కనీసం మూడు గంటలు బాగా మండించి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో పీఠం అంచును, దాని పక్కనున్న చెక్కను, వీలైతే పీఠం మూల కింద వేలు దూరేంత ఎత్తి అడుగును చూడండి. మెరిసే లోహం మీద ఈ థర్మామీటర్ తప్పుడు అంకె చూపిస్తుంది. అక్కడ మాస్కింగ్ టేప్ ముక్క అంటించి దాని మీద కొలిచి, వెంటనే తీసేయండి. స్టవ్ పరీక్షల్లో బయటకు కనిపించే చెక్క గది వేడి కంటే 65 డిగ్రీలకు మించి పెరగకూడదు, కప్పి ఉన్న చెక్క 50 డిగ్రీలకు మించి పెరగకూడదు. కానీ అది అగ్నిప్రమాదం గీత. ఫ్లోర్ అందం అంతకు చాలా ముందే పోతుంది. నేల కింద వేడి గొట్టాలు వేసే ఇళ్లలో చెక్క పైభాగాన్ని దాదాపు 27 డిగ్రీలకు మించనివ్వొద్దని ఫ్లోర్ తయారీదారులు చెబుతారంటే, దాన్నిబట్టి అర్థం చేసుకోండి. పీఠం పక్కన చెక్క మీద మోచేయి ఆనించి అర నిమిషం ఉంచగలిగితే ఫర్వాలేదు. ఉంచలేకపోతే పీఠం పెంచాలి, లేదా స్టవ్ అడుగుకు తయారీదారు ఇచ్చే హీట్ షీల్డ్ రేకు వేయించాలి.

ఎండిపోయే ఫ్లోర్

నిప్పు తర్వాత చెక్కకు శత్రువు పొడి గాలి. చలికాలంలో స్టవ్ రోజంతా మండితే గదిలో తేమ 20 శాతానికి పడిపోవడం మామూలే. పీఠం చుట్టూ మొదటి అర మీటరులో పలకల మధ్య సందులు విచ్చుకుంటాయి. వెడల్పు పలకలైతే పైభాగం ఆరిపోయి, అడుగు తేమగానే ఉండి, అంచులు దోనెలా పైకి లేస్తాయి. పది పన్నెండు అడుగుల దూరంలో ఒక తేమ కొలిచే మీటరు పెట్టి, 30 నుంచి 50 శాతం మధ్య ఉండేలా హ్యుమిడిఫయర్ నడపండి. స్టవ్ మీద నీళ్ల కెటిల్ పెట్టడం మంచి అలవాటే, అయితే పెద్ద గదికి అది ఇచ్చే ఆవిరి చాలదు.

ఆ చలికాలపు సందులను పుట్టీతో నింపొద్దు. వానాకాలంలో పలకలు ఉబ్బినప్పుడు పుట్టీ పైకి చిమ్ముకొచ్చి, పలకల అంచులు నలుగుతాయి. ఏడాది పొడవునా మూసుకోని సందు ఉంటే అప్పుడు మాత్రమే ఆలోచించండి.

రోజూ చేసే పనుల్లో

తలుపు తీసే విధానంతోనే సగం రవ్వలు ఆగుతాయి. ముందు గాలి మీట పూర్తిగా తెరవండి, తలుపును రెండు వేళ్ల వెడల్పు తెరిచి పది పదిహేను సెకన్లు ఆగండి, గొట్టం పొగను పైకి లాగడం మొదలయ్యాక పూర్తిగా తీయండి. ఒక్క ఊపుతో లాగితే గదిలోకి పొగా, దాంతో రవ్వలూ వస్తాయి. కట్టెలను లోపలికి విసరకుండా బూడిద మీద పడుకోబెట్టండి. పైన్ వంటి జిగురు కట్టెలు, తడి కట్టెలు ఎక్కువ చిటపటలాడతాయి.

బూడిద తీసేటప్పుడు అది చల్లగా ఉందని చూపును నమ్మొద్దు. నివురుగప్పిన నిప్పు మూడు నాలుగు రోజుల దాకా ఉంటుంది. మూత గట్టిగా బిగిసే ఇనుప బకెట్‌లో వేసి, తిన్నగా బయటకు, కాలని నేల మీద, ఇంటికి కనీసం 3 మీటర్ల దూరంలో పెట్టండి. చెక్క వరండా మీద పెట్టడం ప్రమాదం. ప్లాస్టిక్ సంచి, అట్టపెట్టె, మామూలు వాక్యూమ్ క్లీనర్ దగ్గరకు రానివ్వొద్దు. బకెట్‌ను గదిలో కూడా పీఠం మీదే ఉంచండి.

ఫ్లోర్ మీద పడిన బూడిదను తడిగుడ్డతో రుద్దడం చాలామంది చేసే పొరపాటు. బూడిద నీటిలో కలిస్తే క్షారం అవుతుంది. ఓక్ వంటి టానిన్ ఉన్న చెక్క దానికి నల్లబడుతుంది, వార్నిష్ మెరుపు పోతుంది. పైగా బూడిదలో గరుకు రేణువులుంటాయి. ముందు మెత్తటి బ్రష్‌తో పొడిగా ఊడ్చండి. మిగిలింది కాస్త తడి గుడ్డతో ఒకేసారి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి.

కట్టెల స్టాండు కూడా పీఠం మీద, లేదా ఒక రాతి పలక మీద ఉండాలి, స్టవ్ నుంచి పుస్తకం చెప్పిన దూరంలో. మంచు తడితో తెచ్చిన కట్టెల నీరు, తుప్పు పట్టిన ఇనుప స్టాండు, ఓక్ ఫ్లోర్, ఈ మూడూ కలిస్తే ఇంకు పోసినట్టు నల్ల మరక వస్తుంది. అది ఇనుముకీ టానిన్‌కీ జరిగే చర్య. వార్నిష్ గీకి, ఆక్సాలిక్ ఆమ్లం ద్రావణం పూస్తే పోతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి, ఎండాక దాన్ని ఎత్తితే లేచే పొడి ఊపిరిలోకి వెళ్లకూడదు.

పీఠం ముందు పరిచే ఉన్ని, ఫైబర్‌గ్లాస్ తివాచీలు మంచివే. పీఠం దాటి ఎగిరిన రవ్వకు అవి రెండో అడ్డు. పీఠం బదులు మాత్రం అవి లెక్కకు రావు. అడుగున రబ్బరు లేనివి కొనండి. నెలకోసారి ఎత్తి చూడండి, ఎప్పుడూ ఒకేచోట ఉంటే దాని కింద ఫ్లోర్ రంగు వేరుగా మిగులుతుంది.

రవ్వ పడి కాలితే

వార్నిష్ వరకే కాలిన మచ్చను బ్లేడుతో మెల్లగా గీకి, సన్న గరుకు కాగితంతో రుద్ది, ఆ మేర వార్నిష్ పూస్తే సరిపోతుంది. చెక్కలోకి గుంట పడితే నల్లటి భాగమంతా గీకేసి, రంగు కలిసే గట్టి మైనం నింపండి. బొగ్గు మీద నింపితే అది పట్టుకోదు. గుంట 3 మిల్లీమీటర్లు దాటితే ఆ పలక మార్చడమే నయం. అందుకే ఫ్లోర్ వేయించినప్పుడు మిగిలిన పలకలు నాలుగైదు పక్కన దాచుకోండి, అదే గదిలో ఉంటే రంగు, తేమ కూడా కలుస్తాయి.

పీఠం పక్కన చెక్క గోధుమ రంగు నుంచి నలుపుకి తిరుగుతుంటే, మండిస్తున్నప్పుడు కాలిన వాసన స్టవ్ నుంచి కాక నేల నుంచి వస్తుంటే, రిపేరు గురించి ఆలోచించొద్దు. స్టవ్ ఆర్పండి. పూర్తిగా చల్లారాక పీఠం ఎత్తించి, కింద దూలాల దాకా చూపించండి. అప్పటిదాకా ఒక్క కట్టె కూడా వేయొద్దు. ఏడాదికోసారి, సీజన్ మొదలయ్యే ముందు గొట్టం శుభ్రం చేయించే రోజే పీఠం ఒక మూల ఎత్తించి టార్చి వేసి చూడటం మంచిది.

ఫ్లోర్‌కు మళ్లీ పాలిష్, వార్నిష్ చేయించాలనుకుంటే స్టవ్ వాడని కాలంలో పెట్టుకోండి. ఫ్లోర్ గీకినప్పుడు వచ్చే చెక్క పొట్టు, ద్రావకం ఉన్న వార్నిష్ ఆవిరి, రెండూ చిన్న నిప్పుకే అంటుకుంటాయి. స్టవ్‌లో బూడిద అంతా తీసి, ఖాళీ చేసి, తలుపు మూసి, కనీసం నాలుగు రోజులు గడిచాకే పని మొదలుపెట్టించండి. నూనె ఆధారిత వార్నిష్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయొద్దు, అవి ఆరుతూ వాటంతటవే వేడెక్కి మండుతాయి. ఒక్కొక్కటీ విప్పి బయట ఆరేయండి, లేదా నీళ్లు నింపిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టండి.